షటర్‌స్నిచ్ రివ్యూ: కెమెరాలో నొక్కింది ఐప్యాడ్ మీద కనిపించాలంటే

చీరల క్యాటలాగ్ షూట్‌లో ప్రతి ఫొటోకీ నలుగురు వచ్చి కెమెరా వెనక తెర మీదికి వంగుతుంటే ఆ పని పొద్దుగూకినా తెమలదు. కొట్టు యజమాని జరీ అంచు చూడాలంటారు, స్టైలిస్టుకు కొంగు మడత కావాలి, మేకప్ చేసినవాళ్ళ కళ్ళన్నీ నుదుటి మీది మెరుపు మీదే. మూడంగుళాల తెర ఇంతమందికి చాలదు. నొక్కిన రెండు మూడు సెకండ్లకే ఆ ఫొటో పక్కన స్టాండు మీద ఐప్యాడ్‌లో పెద్దగా వస్తే గుంపంతా అటు తిరుగుతుంది, ఫొటోగ్రాఫరుకు ఊపిరి ఆడుతుంది. ఈ ఒక్క పని కోసమే తయారైన యాప్ షటర్‌స్నిచ్.

యాప్ బాగుంది, కొనొచ్చు. దాన్ని తిట్టేవాళ్ళలో చాలామంది నిజానికి తిట్టాల్సింది తమ వైఫైని. కెమెరాకూ ఐప్యాడ్‌కూ మధ్య గాలిలో ఉన్న దారి సరిగ్గా లేకపోతే ఏ యాప్ అయినా బోల్తా కొడుతుంది. అందుకే ఈ రివ్యూలో యాప్ గురించి ఎంత ఉందో, రూటర్ గురించీ ఫైలు సైజు గురించీ అంతకన్నా ఎక్కువే ఉంది.

కెమెరా కంపెనీలు ఇచ్చే ఉచిత యాప్‌లకూ దీనికీ ఉన్న తేడా ముందు తెలియాలి. క్యానన్ కెమెరా కనెక్ట్, నికాన్ స్నాప్‌బ్రిడ్జ్, సోనీ క్రియేటర్స్ యాప్, ఫుజీ ఎక్స్‌యాప్ లాంటివాటిలో మామూలుగా కెమెరాయే చిన్న వైఫై పుట్టిస్తుంది, ట్యాబ్ వెళ్ళి దానికి తగులుకుని ఫొటో అడుగుతుంది. షటర్‌స్నిచ్‌లో ఎక్కువమంది వాడే పద్ధతి దీనికి తిరగేసినది. ఐప్యాడ్ ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంపే పద్ధతి) సర్వరుగా, అంటే ఫైళ్ళు అందుకునే చోటుగా మారి కూర్చుంటుంది, కెమెరా తీసిన ప్రతి ఫొటోనూ తనే తోస్తుంది. ట్యాబ్ ముట్టుకోనక్కర్లేదు. మధ్యలో కనెక్షన్ తెగినా పంపాల్సిన ఫొటోల జాబితా కెమెరా దగ్గరే ఉంటుంది కాబట్టి, మళ్ళీ కలవగానే ఆగినచోటి నుంచి సాగుతుంది. నాలుగు గంటల షూట్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. కొన్ని కెమెరాల సొంత వైఫైకి నేరుగా కలిసే దారి కూడా షటర్‌స్నిచ్‌లో ఉంది కానీ, ఎఫ్‌టీపీ ఉన్న కెమెరా చేతిలో ఉంటే ఆ దారి పట్టాల్సిన పని లేదు.

చిక్కల్లా అన్ని కెమెరాల్లో ఎఫ్‌టీపీ లేకపోవడమే. క్యానన్‌లో 5డీ మార్క్ 4, ఆర్5, ఆర్6లలో లోపలే ఉంది. సోనీలో ఏ7 4, ఏ7ఆర్ 4లలో ఉంది. నికాన్ జెడ్8, జెడ్9లలో ఉంది. జెడ్6 2, జెడ్7 2లకు మాత్రం డబ్ల్యూటీ-7 అనే ట్రాన్స్‌మిటర్ విడిగా తగిలించాలి. ఫుజీ ఎక్స్-హెచ్2కు ఎఫ్‌టీ-ఎక్స్‌హెచ్ గ్రిప్ కావాలి. క్యానన్ 1500డీ, 200డీ, నికాన్ డీ5600 లాంటి తొలిమెట్టు కెమెరాల్లో అసలు లేదు. యాప్ కొనేముందు కెమెరా నెట్‌వర్క్ మెనూలో ఎఫ్‌టీపీ అన్న మాట ఉందో లేదో వెతకండి. మెమరీ కార్డులోనే వైఫై ఉన్న పాత ఐ-ఫై, ఫ్లాష్‌ఎయిర్ కార్డులు సెకండ్ హ్యాండ్‌లో దొరికినా వాటి జోలికి పోవద్దు, వాటిని చేసినవాళ్ళే వదిలేశారు.

రూటర్ సంగతి

ఫంక్షన్ హాల్ వైఫై, హోటల్ వైఫై, స్టూడియోవాళ్ళ గెస్ట్ వైఫై, వీటిలో దేన్నీ నమ్మకూడదు. గెస్ట్ నెట్‌వర్కుల్లో ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా అడ్డుగోడ పెడతారు. కెమెరా, ఐప్యాడ్ రెండూ వైఫైకి చక్కగా తగులుకుంటాయి, రెండింటి తెర మీదా సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, ఒక్క ఫొటో కూడా కదలదు. మన సొంత జేబు రూటర్ ఉండాలి. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్902ఏసీ ఈ పనికి చాలు. వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండూ ఉన్నాయి, మైక్రో యూఎస్‌బీ మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లతో నడుస్తుంది, అంటే పవర్ బ్యాంకు సరిపోతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది 37 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా 30 మిగిలిందనుకుంటే, 4 వాట్లు తాగే రూటర్ ఏడు గంటలు నడుస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. రూటర్‌కు ఏ కేబులూ తగిలించకుండానే కెమెరా, ఐప్యాడ్ మాట్లాడుకుంటాయి.

ఈ రూటర్ పక్కన ఉండే మీటను రూటర్ మోడ్‌లోనే ఉంచాలి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు) పంచేవాళ్ళు లేకుండా పోవచ్చు, అప్పుడు క్యానన్ కెమెరా మీద 21వ నంబరు ఎర్రర్ వస్తుంది. 2.4కూ 5కూ వేరువేరు పేర్లు పెట్టండి, లేకపోతే ఏది దేనికి తగులుకుందో తెలియదు. వైఫై సెక్యూరిటీ రకంగా డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 పెడితే చాలా కెమెరాలు గుర్తించవు. పాస్‌వర్డులో చిన్నక్షరాలూ అంకెలూ చాలు. కెమెరా మీద చిన్న జాయ్‌స్టిక్‌తో ఒక్కో అక్షరం వెతికి టైపు చేయాల్సి వచ్చినప్పుడు ఈ సలహా విలువ తెలుస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌లో ఛానల్‌ను (బ్యాండ్‌లో ఒక్కో దారి) ఆటోకు వదలకుండా 36 గానీ 44 గానీ పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్ళు రాడార్లతో పంచుకునేవి. రూటర్ వాటిని వాడాలంటే ముందు కనీసం ఒక నిమిషం గాలిని వినాలి, రాడార్ జాడ తగిలితే అప్పటికప్పుడు ఛానల్ మారాలి. ఆ మార్పు మంటపంలో తాళి కట్టే క్షణంలో జరిగితే అంతే సంగతులు. కెమెరాలో 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. క్యానన్ ఆర్5లో ఉంది, ఆర్6లో లేదు, ఆర్6 మార్క్ 2కు వచ్చేసరికి మళ్ళీ ఉంది. 5డీ మార్క్ 4లో 2.4 ఒక్కటే. ఒకే మోడల్ అయినా కొన్ని దేశాల్లో అమ్మినవాటిలో 5 గిగాహెర్ట్జ్ మూసేసి ఉంటుంది కాబట్టి విదేశాల నుంచి తెప్పించుకున్న బాడీ అయితే మెనూలో చూడందే నమ్మొద్దు.

2.4 మాత్రమే ఉంటే ఛానల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టాలి. ఐదొందల మంది చుట్టాలు, ఐదొందల ఫోన్లు ఉన్న హాల్లో ఈ బ్యాండ్ నిండిపోయి ఉంటుంది. బ్లూటూత్ కూడా అందులోనే, వీడియోవాళ్ళ వైర్‌లెస్ మైకుల్లో చాలా భాగం కూడా అందులోనే. పైగా మనిషి శరీరంలోని నీరు ఈ తరంగాలను బాగా మింగేస్తుంది. రూటర్‌ను నేల మీద బ్యాగులో కాకుండా లైట్ స్టాండు మీద తలల కంటే ఎత్తులో కట్టడం ఒక్కటే పెద్ద మార్పు తెస్తుంది.

జోడించే వరస

ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు పక్కన గుర్తు నొక్కి, ఐపీని మాన్యువల్‌కు మార్చండి. ఈ టీపీ-లింక్ రూటర్ సొంత అడ్రసు 192.168.0.1, తనంతట తాను పంచేవి 100 నుంచి మొదలవుతాయి కాబట్టి ఐప్యాడ్‌కు 192.168.0.50 ఇవ్వండి, సబ్‌నెట్ 255.255.255.0. రూటర్ అని ఉన్న గడిని ఖాళీగా వదిలేయండి. సిమ్ ఉన్న ఐప్యాడ్ అయితే ఫొటోలు వైఫై మీద వస్తూనే ఇంటర్నెట్ సిమ్ మీద నడుస్తుంది. క్లయింటుకు అక్కడికక్కడే వాట్సాప్‌లో పంపాలన్నప్పుడు ఇది పనికొస్తుంది. మాన్యువల్ అడ్రసు ఎందుకంటే, రేపు షూట్‌కు ఐప్యాడ్ అడ్రసు మారిపోతే కెమెరాలో మళ్ళీ రాయాలి. ప్రైవేట్ వైఫై అడ్రస్ అనే ఆప్షన్‌ను ఈ నెట్‌వర్కుకు ఆపేయడం కూడా మంచిదే. ఇంట్లో, ఆఫీసులో వాడే వైఫైలకు ఆటో-జాయిన్ తీసేయండి, లేకపోతే ఐప్యాడ్ చెప్పకుండా అటు గెంతుతుంది.

షటర్‌స్నిచ్ తెరిచి ఒక కలెక్షన్ సృష్టించి, అందులోకి వెళ్ళాలి. మొదటిసారి లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడుగుతుంది. తొందరలో కాదనేస్తే యాప్ చెవిటిదైపోతుంది. మళ్ళీ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద వెతికి ఇవ్వాలి. వినియోగదారు పేరు, పాస్‌వర్డు, పోర్ట్ నంబరు (సర్వరు వినే తలుపు నంబరు) యాప్‌లో ఉంటాయి. ఎఫ్‌టీపీ అనగానే పోర్ట్ దగ్గర అలవాటుగా 21 రాసేస్తారు చాలామంది. ఇక్కడ 21 కాదు, యాప్ చూపించిన నంబరే రాయాలి. పని జరగని ఫిర్యాదుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

కెమెరాలో సర్వరు అడ్రసుగా 192.168.0.50, ఆ పోర్ట్, ఆ పేరు, పాస్‌వర్డు. సెక్యూర్ ప్రోటోకాల్ ఆఫ్, పాసివ్ మోడ్ (డేటా కనెక్షన్‌ను కూడా కెమెరాయే తెరిచే పద్ధతి) ఆన్. క్యానన్‌లో ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ ఎనేబుల్ చేయాలి. సోనీ ఏ7 4లో నెట్‌వర్క్ మెనూ లోపల ట్రాన్స్‌ఫర్/రిమోట్ కింద ఎఫ్‌టీపీ ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, అందులో ఆటో ట్రాన్స్‌ఫర్ ఆన్ చేయాలి. కెమెరా ఆటో పవర్ ఆఫ్ సమయం పెంచండి, నిద్రలోకి జారిన ప్రతిసారీ వైఫై కూడా తెగుతుంది. ఇదంతా ముందురోజు రాత్రి ఇంట్లో చేయాల్సిన పని. లొకేషన్‌లో మొదటిసారి ప్రయత్నించేవాళ్ళకు ఏ రివ్యూ సాయం చేయలేదు.

ఫైలు సైజు, అసలు కీలకం

24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో పెద్ద ఫైన్ జేపెగ్ సుమారు 10 ఎంబీ, కుదించిన రా ఫైలు (సెన్సర్ పట్టిన ముడి డేటా) 25 నుంచి 30 ఎంబీ. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక యాంటెనా ఉన్న కెమెరాకు కాగితం మీద వేగం సెకనుకు 72 మెగాబిట్లు. గాలి శుభ్రంగా ఉన్నా చేతికొచ్చేది అందులో సగం లోపే, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 3, 4 ఎంబీ. జేపెగ్‌కు మూడు సెకండ్లు, రా ఫైలుకు పది. వరసగా ఇరవై ఫొటోలు కొడితే జేపెగ్‌లే 200 ఎంబీ, అన్నీ చేరేసరికి దాదాపు నిమిషం పడుతుంది. తెర మీద ఇంకా మొదటి ఫొటోలు వస్తుంటే మోడల్ నాలుగో పోజులో ఉంటుంది, యజమాని మూడో పోజు గురించి మాట్లాడుతుంటారు. ఈ గందరగోళం కంటే ట్యాబ్ లేకపోవడమే నయం.

కాబట్టి రా ఫైళ్ళను వైఫై మీద పంపొద్దు. రెండు స్లాట్లు ఉంటే ఒకటో దానిలో రా, రెండో దానిలో జేపెగ్ రికార్డు చేసి, ఎఫ్‌టీపీలో జేపెగ్ మాత్రమే వెళ్ళేలా పెట్టాలి. క్యానన్, సోనీ రెండింటిలోనూ రా, జేపెగ్‌లలో ఏది పంపాలో అడిగే ఆప్షన్ విడిగా ఉంది. జేపెగ్ ఎంత పెద్దది ఉండాలన్నదే తర్వాతి ప్రశ్న. 10.2 అంగుళాల ఐప్యాడ్ తెర 2160×1620, అంటే మూడున్నర మెగాపిక్సెళ్ళు. ఆరు మెగాపిక్సెళ్ళ చిన్న జేపెగ్ రెండు మూడు ఎంబీల్లో తేలిపోతుంది, తెర నిండా అందంగా కనిపిస్తుంది. అక్కడే ఒక బోను ఉంది. పొడవు వెడల్పులు సగానికి తగ్గితే కొంచెం తప్పిన ఫోకస్ కూడా సరిగ్గా ఉన్నట్టే అగుపిస్తుంది. చీర, సెట్టు, ఫ్రేము చూపించడానికి చిన్న జేపెగ్ చాలు. పోర్ట్రెయిట్‌లో కనురెప్పల మీద ఫోకస్ చూడాలంటే సైజు పెద్దదే ఉంచి, నాణ్యతను ఫైన్ నుంచి నార్మల్‌కు దించాలి. అప్పుడు 10 ఎంబీ సగానికి దిగుతుంది, పిక్సెళ్ళు పోవు.

పెళ్ళిలాంటి చోట ప్రతి ఫొటో పంపడం దండగ. క్యానన్‌లో ఆటో ట్రాన్స్‌ఫర్ ఆపేసి, నచ్చినదాన్ని తెర మీద చూసుకుంటూ సెట్ బటన్ నొక్కి పంపే ఆప్షన్ ఉంది. ఎంచిన పది ఫొటోలే ఐప్యాడ్‌కు వెళ్తాయి, కళ్ళు మూసుకున్న మేనమామలు వెళ్ళరు.

యాప్ లోపల

ఫొటో రాగానే తెర నిండా పడుతుంది. వేళ్ళతో జూమ్ చేసి, నక్షత్రాలు ఇచ్చి, నచ్చినవాటిని వడగట్టవచ్చు. అసలు బలం రెండు చోట్ల ఉంది. ఒకటి హెచ్చరికలు. షటర్ స్పీడు ఇంతకంటే తగ్గితే చెప్పమని ముందే పెట్టుకోవచ్చు. ఫొటోగ్రాఫరు కన్ను వ్యూఫైండర్‌లో ఉన్నప్పుడు ట్యాబ్ దగ్గర ఉన్న అసిస్టెంటుకు ఇది పెద్ద ఊతం. రెండోది యాక్షన్లు. వచ్చిన ఫొటోకు సైజు తగ్గించి, వాటర్‌మార్క్ వేసి, క్యాప్షన్ వివరాలు నింపి, ఇంకో చోటికి పంపేవరకు గొలుసుగా కట్టవచ్చు. పత్రికా ఫొటోగ్రాఫర్లకు, ఈవెంట్‌లో అక్కడే ప్రింట్లు తీసిచ్చేవాళ్ళకు ఈ ఒక్క సౌకర్యం కోసమే యాప్ కొనొచ్చు.

ముఖం మాత్రం పాతది. సెట్టింగులు ఒకదాని లోపల ఒకటి దాక్కుని ఉంటాయి, మొదటి వారం చిరాకు తప్పదు. రంగులు దిద్దే పని ఇందులో చేయాలని చూడొద్దు. ఫొటో రాగానే దానికి ఒక లుక్ పట్టి చూపించాలంటే క్యాప్చర్ వన్ ఐప్యాడ్ యాప్ వైపు చూడాలి, అది నెలవారీ చందా వ్యవహారం. షటర్‌స్నిచ్ తెర మీద కనిపించే రంగు కెమెరా జేపెగ్‌దే. అందుకే పిక్చర్ స్టైల్, వైట్ బ్యాలెన్స్ ముందే సరిచేసి, కలర్ స్పేస్ ఎస్ఆర్‌జీబీలో ఉంచండి. ఐప్యాడ్‌లో ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆపకపోతే పసుపుపచ్చ పట్టుచీర మీద వాదన మొదలవుతుంది, అది సాయంత్రం దాకా సాగుతుంది.

ఇంకో పరిమితి, ఇది యాపిల్ పెట్టినది. యాప్ తెర ముందు ఉన్నంతసేపే సర్వరు బతికి ఉంటుంది. క్లయింటు ఐప్యాడ్ తీసుకుని ఇంకో యాప్ తెరిస్తే కాసేపటికి ఫొటోలు రావడం ఆగిపోతుంది. ఆటో-లాక్ నెవర్‌కు పెట్టి, గైడెడ్ యాక్సెస్ ఆన్ చేసి చేతికివ్వండి. దానితో ఆ ఒక్క యాప్‌లోంచి బయటికి పోలేరు.

ఆగిపోయినప్పుడు ఎక్కడ వెతకాలి

క్యానన్‌లో నంబర్లే దారి చూపిస్తాయి. 21 వస్తే రూటర్ అడ్రసు ఇవ్వలేదు, 23 వస్తే ఒకే అడ్రసుతో రెండు పరికరాలు ఉన్నాయి, 41 వస్తే నెట్‌వర్క్ బాగానే ఉంది కానీ ఎఫ్‌టీపీ సర్వరు దొరకలేదు. ఈ 41కి పదిసార్లలో తొమ్మిదిసార్లు కారణం యాప్ వెనక్కి వెళ్ళిపోవడమో, పోర్ట్ తప్పో, లోకల్ నెట్‌వర్క్ అనుమతి లేకపోవడమో. కనెక్షన్ నిలబడి మొదటి ఫైలు దగ్గరే ఇరుక్కుంటే పాసివ్ మోడ్ చూడండి. పది నిమిషాలు బాగా నడిచి తెగుతుంటే ఆటో పవర్ ఆఫ్. ఒక మూల నిలబడితే వచ్చి, ఇంకో మూలకు వెళ్తే రాకపోతే రూటర్‌కూ కెమెరాకూ మధ్య ఇనుప బీరువానో ఎల్‌ఈడీ గోడో ఉంటుంది.

రూటర్ మర్చిపోయి వెళ్తే ఫోన్ హాట్‌స్పాట్ ఆదుకుంటుంది. ఐఫోన్ 12 నుంచి హాట్‌స్పాట్ మామూలుగా 5 గిగాహెర్ట్జ్‌లో వస్తుంది. కెమెరాలో 2.4 ఒక్కటే ఉంటే, ఐఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ ఆన్ చేయకపోతే ఆ హాట్‌స్పాట్ పేరే కెమెరాలో కనబడదు. ఐప్యాడ్ అడ్రసు అప్పుడు 172.20.10 తో మొదలవుతుంది, ఐపీని ఆటోకు మార్చి, కొత్త అడ్రసును కెమెరాలో రెండో సర్వరుగా ఇంట్లోనే దాచి ఉంచుకోవడం తెలివైన పని.

బ్యాటరీ గురించి ఒక్క మాట. వైఫై నిరంతరం నడిస్తే క్యానన్ ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ అయినా సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 అయినా మామూలు కంటే చాలా త్వరగా ఖాళీ అవుతుంది. అదనంగా రెండు పెట్టుకోండి.

ఇది ఎవరికి కాదు

ట్యాబ్ మీద లైవ్ వ్యూ చూస్తూ, అక్కడి నుంచే అపర్చర్ మార్చి, షటర్ నొక్కాలనుకునేవాళ్ళకు ఎఫ్‌టీపీ పద్ధతి పనికిరాదు, అది ఒకవైపే సాగే దారి. వాళ్ళకు క్యామ్‌రేంజర్ 2 ఉంది. యూఎస్‌బీతో కెమెరాకు తగిలించే చిన్న డబ్బా, తనే వైఫై పుట్టిస్తుంది. ఆహారం పైనుంచి తీసేవాళ్ళకు, ఫోకస్ స్టాకింగ్ (వేరువేరు చోట్ల ఫోకస్ చేసిన ఫొటోలను ఒకటిగా కలపడం) చేసే నగల ఫొటోగ్రాఫర్లకు అది బాగా కుదురుతుంది. ఎఫ్‌టీపీ లేని కెమెరాలు కూడా దానితో నడుస్తాయి, కాకపోతే విడుదలైనప్పుడే ధర 350 డాలర్ల దగ్గర ఉంది. ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నవాళ్ళు షటర్‌స్నిచ్‌ను మర్చిపోవాలి, అది ఐఫోన్, ఐప్యాడ్‌లకే. డీఎస్ఎల్ఆర్ డ్యాష్‌బోర్డ్ అనే యాప్ ప్రయత్నించవచ్చు, కానీ చేతులు మురికి చేసుకునే ఓపిక ఉండాలి.

కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండే నగల షూట్ అయితే ఈ తంతు అంతా ఎందుకు, కేబుల్ పెట్టేయండి. 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2 వేగమే ఉన్న పదో తరం ఐప్యాడ్‌లో కూడా తీగ మీద రా ఫైలు వైఫై కంటే ముందు చేరుతుంది.

మే నెలలో ఆరుబయట వాడేవాళ్ళకు చివరగా ఒకటి. ఐప్యాడ్ పనిచేసే ఉష్ణోగ్రతగా యాపిల్ చెప్పేది 35 డిగ్రీల వరకే. విజయవాడలోనో రామగుండంలోనో పదకొండు గంటల ఎండలో నల్ల కవరుతో ఉన్న ఐప్యాడ్ ముందు వెలుతురు తగ్గించుకుంటుంది, తర్వాత హెచ్చరిక చూపించి పని ఆపేస్తుంది. గొడుగు కింద, కవరు తీసేసి, వెనక గాలి ఆడేలా పెట్టాలి. ఛార్జింగ్ పెడుతూ వాడకూడదు. వేడెక్కిందని ఐస్ బాక్స్‌లో పెడితే మాత్రం లోపల తేమ పడుతుంది.